వేసవి బండి స్వాగత సభ

1978 మే 28, ఆదివారం. రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండ, ఆకు కదలని ఉక్క. ఒక పెద్ద అడవిలో, ఆ అడవి వెళ్ళి సముద్రాన్ని తాకేచోట ఉన్న చిన్న రైలు స్టేషన్లో, పొద్దున్నే హడావుడి మొదలైంది. చాలా ఏళ్ళ తర్వాత వేసవి బండి మళ్ళీ వస్తోంది.

ఎండాకాలం మెట్ట అడవుల జంతువుల్ని సముద్రస్నానానికి తీసుకొచ్చే బండి అది. ఎందుకు ఆపేశారో ఎవరికీ గుర్తులేదు. కనుక్కోమని ఒక కమిటీ వేశారు. కమిటీకి కారణం దొరకలేదు గానీ భోజనాలు దొరికాయి. మా కాలేజీ హాస్టల్లో సాంబారు మీద కూడా ఇలాగే ఒక కమిటీ వేశారు. ఆ కథ ఎత్తుకుంటే బండి వెళ్ళిపోతుంది.

ప్లాట్‌ఫారం చివర ముంగిస పైడమ్మ ముంజికాయలు అమ్మేది. బండి ఆగిపోయినా ఆ చోటు వదల్లేదు. ఈ వేసవి కూడా బేరం జరక్కపోతే చోటు ఖాళీ చేయించి వేరేవారికి ఇస్తామని అటవీ సంఘం తీర్మానించింది. వేరేవారంటే ఎవరో కాదు, సంఘం కార్యదర్శి నక్క శేషావతారం బావమరిది.

"బండి వస్తే చాలు బాబూ, నా గంప ఖాళీ అయిపోద్ది," అంది పైడమ్మ గంప దించుతూ.

"బండి రావడం కాదమ్మా, స్వాగతం ముఖ్యం," అన్నాడు నక్క.

స్వాగతం అంటే సభ. సభ అంటే వేదిక. అధ్యక్షులు ఏనుగు భూషణరావుగారికి పేచీ లేదు, ఆయన లేని వేదిక ఆ అడవిలో ఎవరూ చూడలేదు. మిగతావాళ్ళతోనే తంటా. ఎలుగుబంటిని పైకి పిలిచి అడవిపందిని పిలవకపోతే అలక. అడవిపందిని పిలిచి ముళ్ళపందిని వదిలేస్తే, ముళ్ళపంది అలక ఎలా ఉంటుందో తెలుసు కదా! అందుకని అందర్నీ పిలిచారు. అందరూ ఎక్కారు.

"అయ్యా, వేదిక నిండింది. ఎదర ఈగ కూడా లేదు," అన్నాడు స్టేషన్ మాస్టరు కొంగ సన్యాసిరావు.

"జనం ఎందుకు లేరు? బండి నిండా వస్తున్నారు!" అన్నాడు నక్క. "కిటికీల్లోంచి వింటారు. సభ అయ్యేదాకా దిగనివ్వకూడదు. సముద్రంలో దిగినవాడు మళ్ళీ ఉపన్యాసానికి వస్తాడా?"

బండి వచ్చింది. కుందేళ్ళూ, జింకలూ, కొండముచ్చులూ, పిల్లాజెల్లా, మూటాముల్లె. చక్రాలు ఆగాయో లేదో, నక్క మనుషులు తలుపులన్నిటికీ అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టేశారు. రిబ్బను అధ్యక్షులవారు కత్తిరిస్తారు. అది కత్తిరించకముందు ఎవరు దిగినా అడవికి అరిష్టం. కత్తెరగా పీత అప్పన్నని పళ్ళెంలో కూర్చోబెట్టి, పక్కన పసుపూ కుంకుమా పెట్టారు.

ముందు దండలు. వేదిక మీద ప్రతివారూ ప్రతివారికీ వేశారు. తర్వాత భూషణరావుగారు గొంతు సవరించుకుని, రైలు పుట్టుక నుంచి ఎత్తుకున్నారు.

"అయ్యా, మేం నీళ్ళలో మునగాలని వచ్చాం!" అని అరిచాడు ఒక ముసలి కుందేలు.

"ముందు స్వాగతంలో మునగండి," అన్నాడు నక్క.

కిటికీల దగ్గరికి గంప ఎత్తుకుని పరిగెత్తింది పైడమ్మ. పిల్లలు చేతులు చాపారు. నక్క అడ్డుపడ్డాడు.

"పెద్దలు మాట్లాడుతుంటే బేరాలా? మర్యాద ఉండక్కర్లా?"

"ముంజె సాయంత్రందాకా ఆగదు బాబూ!"

"అధ్యక్షులు అంతకంటే ఆగరు."

పైడమ్మ పళ్ళెం దగ్గరికి వెళ్ళి బతిమాలింది. "అప్పన్నా, ఒక్కసారి చెయ్యి ఆడించరా నాయనా. నా చోటు పోద్ది."

"నేను కత్తెరని పైడమ్మొదినా," అన్నాడు పీత నొచ్చుకుంటూ. "కత్తెర తనంతట తనే కత్తిరిస్తే ఇంక అధ్యక్షులెందుకు?"

ఏనుగుగారు ఆవిరియంత్రం దాకా వచ్చేసరికి బండి బయల్దేరే వేళైంది. కొంగ తన ధర్మం తాను చేశాడు: పచ్చజెండా ఊపాడు. బండి కదిలింది. కిటికీల్లోంచి ఏడుపులు, కేకలు. తన ఉపన్యాసానికి అంత స్పందన ఎన్నడూ చూడని భూషణరావుగారు తొండమెత్తి నమస్కారం పెట్టారు.

జనం పోయారు గనక దాహం గుర్తొచ్చింది. పైడమ్మ ముంజెలన్నీ సంఘ సభ్యులే అభిమానంగా తినేశారు. బేరం జరగలేదని రాసుకుని, చోటు ఖాళీ చేయించారు.

రైల్వే పై అధికారులకు మాత్రం పట్టరాని సంతోషం. బండి వచ్చేటప్పుడూ కిక్కిరిసే ఉంది, వెళ్ళేటప్పుడూ కిక్కిరిసే ఉంది! ఇలాంటి బండి దేశంలో లేదని, ఏడాది పొడుగునా నడపమన్నారు. వచ్చిన ప్రతిసారీ, ఆగిన ప్రతి స్టేషన్లోనూ స్వాగత సభ తప్పనిసరి చేశారు. దాంతో ఆ బండి దిగినవాడు లేడు.

దిగేవాడు లేక, కొత్త కొట్లో నక్క బావమరిది ఈగలు తోలుకున్నాడు. "బావా, ఇది నాకిచ్చిన కొట్టా, వేసిన శిక్షా?" అని రోజూ అడిగేవాడు.

కొన్నాళ్ళకి భూషణరావుగారు ఉపన్యాసం మధ్యలోనే కాలం చేశారు. వేదిక పెద్దకొడుక్కి వచ్చింది, మిగిలిన సగం ఉపన్యాసం చిన్నకొడుక్కి. కార్యదర్శి పదవి నక్క మేనల్లుడికి. కొంగ పచ్చజెండా అల్లుడికి వెళ్తే, అతను కండువాగా వేసుకుంటున్నాడు. అప్పన్న పళ్ళెంలో ఇప్పుడు అతని కొడుకు కూర్చుంటాడు. కిటికీ పక్క సీట్లు బండిలోనే పుట్టిన కుందేలు పిల్లలకి సంక్రమించాయి. సముద్రమంటే కదిలిపోయే నీలం గీత అనుకుంటారు వాళ్ళు. పైడమ్మ కూతురికి ఏమీ రాలేదు, ఖాళీ గంప కూడా. అభినందన సభలో పూలు పోయడానికని దాన్ని కూడా సంఘమే తీసుకుంది.

నీతి: రైలెక్కడానికి టిక్కెట్టు చాలు, దిగాలంటే మాత్రం అధ్యక్షులవారి ఉపన్యాసం అయిపోవాలి.