మొక్కజొన్న చేలో మాయమైన గాలిపెట్టె

“బూమ్మీద నేరం ఉన్నంతకాలం ఈ పోలిరాజు కంటికి కునుకుండదు బావా!” అని గర్జించాడు గాజువాక డిటెక్టివ్ పోలిరాజు, షేర్ ఆటో వెనక సీట్లో అప్పుడే నిద్ర లేచి.

ఆటో స్నేహితుడు నాగవంశీది. డీజిలూ నాగవంశీదే. పోలిరాజుది మెదడొక్కటే, అదైనా పోలిరాజు చెప్పిన మాటే. భీమిలి దగ్గర పొలంలో ఏదో పెట్టె పోయిందని పిన్ని చిలకమ్మ ఫోన్లో ఏడిస్తే నాగవంశీ బయల్దేరాడు. స్నేహితుణ్ణి పిలవలేదు. వాడే ఎక్కి కూర్చున్నాడు.

మొక్కజొన్న చేలో పరిశోధకురాలు దేవిశ్రీ తల పట్టుకుని నిలబడి ఉంది.

“బుట్టంతేసి పెట్టెలు రెండు బోర్లించానండీ. పైడయ్యగారు యూరియా ఎడాపెడా చల్లిన వైపొకటి, చిలకమ్మగారు సగమే మొదళ్ళ దగ్గర పాతిన వైపొకటి. మొక్క తినగా మిగిలిన యూరియాలోంచి నైట్రస్ ఆక్సైడ్ పుడుతుంది. పైకెళ్ళి వేడిని పోనివ్వకుండా భూమిని ఉడకబెడుతుంది. ఎటు ఎంత వస్తోందో పెట్టెలోంచి సిరంజితో లాగి చూడాలి. నిన్న చేనుకి నీళ్ళు పెట్టారు, తడి మీదే గ్యాసు ఎక్కువొస్తుంది, ఇవాళే తియ్యాలి. చిలకమ్మగారి వైపు పెట్టె లేదు!”

“మీ సిన్నాన్నకీ నాకూ పందెం రా వంశీ,” అంది చిలకమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. “నా వేపు గేసు తగ్గితే వచ్చే పంటకి సేనంతా నా పద్ధతే.”

గట్టు మీద చిలకమ్మ మొగుడు పైడయ్య మీసం దువ్వాడు. “పెట్టె లేదు, పందెమూ లేదు.”

“ఆ ఆక్సైడంటే ఏటి మేడమ్?” అన్నాడు పోలిరాజు.

“లాఫింగ్ గ్యాస్ అంటారు. బాగా పీలిస్తే నవ్వొస్తుంది. కానీ ఇక్కడ…”

మిగతాది డిటెక్టివ్ వినలేదు. తడి తువ్వాలు ముక్కుకి కట్టేసుకున్నాడు. “పెట్టె ఎత్తినోడు గేసు పీల్సుంటాడు. పీల్సినోడు నవ్వుతాడు. నవ్వినోడే దొంగ!”

ఒక్కొక్కరి మొహంలో మొహం పెట్టి చూడబోయాడు. తువ్వాలు కళ్ళ మీదికి జారింది. కాలు నీళ్ళ బోదెలో పడింది. చిలకమ్మ కిసుక్కుమంది. దేవిశ్రీ నవ్వు కనబడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పైడయ్య పొట్ట పట్టుకున్నాడు.

“ముఠా!” అని కేకేశాడు పోలిరాజు. “అంతర్జాతీయ ముఠా! బావా… నువ్వు కూడానా?”

నాగవంశీ నవ్వు దాచుకోలేక అటు తిరిగాడు. కానీ నవ్వాగాక పిన్ని మొహం చూస్తే ప్రాణం ఉసూరుమంది. ఆవిడ పద్ధతికి సాక్ష్యం లేకుండా పోతోంది.

“పైడయ్యకి కారణముంది, మీసముంది. సోదా!” అంటూ పోలిరాజు చేను పక్కనే ఉన్న పైడయ్య ఇంటి పెరట్లోకి వెనక్కి వెనక్కి నడిచాడు.

“ఏటి సేత్తన్నావ్ బావా?” అన్నాడు నాగవంశీ.

“వెనకనుంచి దాడి జరక్కుండా…”

ధబ్! దేనికో తగిలి వెల్లకిలా పడ్డాడు. అదేదో దొర్లింది. కోడిపిల్లలు కిచకిచమంటూ నలుదిక్కులా పారిపోయాయి. తల్లికోడి ఎగిరి డిటెక్టివ్ నెత్తి మీద వాలింది.

“నా పెట్టె!” అంది దేవిశ్రీ.

“నా పెట్ట!” అంది పైడయ్య తల్లి అప్పాయమ్మ, పరిగెత్తుకొచ్చి. “గెద్ద ఒకటే తిరుగుతంది బాబూ. సేలో ఇది ఊరికే బోర్లించుంది, గాలాడ్డానికి కన్నం కూడా ఉంది. పిల్లల మీద కప్పీసినాను.”

“నాకు ముందే తెల్సు,” అన్నాడు పోలిరాజు, కోడి పొడుస్తుంటే కళ్ళు మూసుకుని.

దేవిశ్రీ పెట్టె కడిగి, ఆరబెట్టి, చేలో బోర్లించి గాలి లాగింది. కొన్నాళ్ళకి ఫలితమొచ్చింది: చిలకమ్మ వైపు గ్యాసు బాగా తగ్గింది. కోతకొచ్చాక పొత్తులు మాత్రం రెండు వైపులా ఒక్కలాగే ఉన్నాయి. పైడయ్య రెండు పొత్తుల్నీ చేతిలో తిప్పి తిప్పి చూసి, నాగవంశీకి ఫోన్ చేశాడు.

“ఒప్పుకున్నాన్రా. సేనంతా మీ పిన్ని పద్ధతే. కానీ ఈసారి పెట్టె పోతే పోనీ, ఆ డిటెక్టివ్ని మాత్రం తేకు. మా పెట్ట ఇప్పటికీ మనిషిని సూత్తే సూరెక్కేత్తంది.”