తరుగు లేని లెక్క

ముర్తుజా ఎండుమిర్చి వ్యాపారంలో దిగి ఇరవై ఏళ్లయింది. ఈ ఇరవై ఏళ్లలో అతను ఒక్క సూత్రాన్ని ఏనాడూ పక్కన పెట్టలేదు. బేరంలో అవతలి మనిషి వెంటనే సరే అన్నాడంటే, మనం ఎక్కడో మునిగినట్టే.

ఆ సూత్రాన్ని ఒకే ఒక్కసారి మరిచిపోయాడు. అదీ మార్కెట్లో కాదు, సొంత వంటింటి గుమ్మంలో.

సంగతేమిటంటే, కూతురు సబా ఐదో తరగతి చదువుతోంది. ఆరో తరగతికి దాన్ని గురుకులంలో చేర్చాలని భార్య హసీనా పట్టుదల. అక్కడైతే చదువు, భోజనం, హాస్టలు అన్నీ ఒక్కచోటే. కాకపోతే సీటు ఊరికే రాదు. పరీక్ష రాయాలి, పది సీట్లకు వందమంది పిల్లలు పోటీ. హసీనా నెట్ సెంటర్‌కు వెళ్లి దరఖాస్తు పెట్టి, రసీదు బీరువాలో దాచి, ఆ తర్వాత మొగుడికి కబురు చెప్పింది.

"ఎక్కడుందే ఆ బడి?"

"రొంపిచెర్ల అవతల."

"రెండు బస్సులు మారాల."

"పిల్ల రోజూ తిరగదుగా. మారేది చూడ్డానికి పోయే నువ్వే."

ముర్తుజా మూలనున్న కూతురి బడి సంచి వైపు చూశాడు. సబా బడి వదలగానే మాచర్ల మార్కెట్ పక్కనున్న అతని కొట్టుకు వస్తుంది. సంచి మూలన పడేసి, కాయల రాశి ముందు కూర్చుని, రంగు వెలిసిన తాలు కాయలు ఏరుతూ బడి కబుర్లన్నీ చెబుతుంది. టీచరుకు తుమ్ము ఎన్నిసార్లు వచ్చిందో కూడా చెబుతుంది. ముర్తుజాకు పొద్దంతా పడ్డ మిర్చి ఘాటు ఆ గంటలో దిగిపోతుంది.

ఇంకొకటుంది. తండ్రీ కూతుళ్ల బేరాలన్నీ తువాలు కిందే జరుగుతాయి. ముర్తుజా తండ్రి మీరా సాహెబ్ పశువుల సంతలో బేరగాడు. ఆ రోజుల్లో ధర నోటితో చెప్పేవాళ్లు కాదు. చేతుల మీద తువాలు కప్పి, అవతలి మనిషి వేళ్లు పట్టుకుని నొక్కేవాళ్లు. ఎన్ని వేళ్లు నొక్కితే అంత. పక్కవాడికి తెలియదు. పిడికిలి మూసి పట్టుకుంటే బేరం తెగినట్టు, ఆ ధర ఖాయమైనట్టు. సబాకు ఎన్ని బిస్కెట్లు కావాలో, హోంవర్కు ఎన్ని పేజీలు మిగిలిందో అన్నీ ఆ తువాలు కిందే తేలేవి. ఆ పిల్ల వెళ్లిపోతే తువాలు చెమట తుడుచుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

వద్దని నోటితో అంటే హసీనా ఊరుకోదు. అందుకని ముర్తుజా ఇంకో దారి వెతికాడు.

"కోచింగ్ సెంటర్లో వేద్దామా?" అంది హసీనా.

"ఎందుకే, నేను లేనా? లెక్కల్లో నన్ను మించినోడు మాచర్లలో ఎవుడున్నాడు? నేనే చెప్తా."

"సరే."

అంతే, ఇంకేమీ అడగలేదు. నీకు తీరిక ఎక్కడిది అనలేదు, నువ్వు చదివింది ఎంత అని ఆరా తీయలేదు. ముర్తుజా సంబరంలో సూత్రం మరిచి, ఈల వేసుకుంటూ కొట్టుకు వెళ్లాడు.

అతని లెక్క అతనికి సూటిగానే ఉంది. పిల్లకు తప్పులు నేర్పడం పాపం. కాబట్టి తప్పులు నేర్పడు, వ్యాపారం నేర్పుతాడు. వ్యాపారపు లెక్కతో సర్కారు పరీక్ష గట్టెక్కినవాళ్లు అతనికి తెలిసి ఎవరూ లేరు.

మొదటి రోజు పాఠం ఇంటి వరండాలో మొదలైంది.

"బస్తాకు నలభై కిలోలు. ఇరవై ఐదు బస్తాలు. మొత్తం ఎంత?"

"వెయ్యి కిలోలు నాన్నా."

"తరుగు ఏదమ్మా? దుమ్ము, తేమ, గోనె బరువు. బస్తాకు కిలో తీసెయ్యాల. తొమ్మిది వందల డెబ్బై ఐదు రాసుకో."

సబా రాసుకుంది.

"ఒక మేస్త్రీ గోడను ఆరు రోజుల్లో కడతాడు. ఇద్దరు కలిస్తే?"

"మూడు రోజులు."

"ఇద్దరు కలిస్తే మాటలు మొదలైతయ్. టీలు పెరుగుతయ్. ఏడు రాసుకో."

"గంటకు అరవై కిలోమీటర్లు పోయే రైలు నూట ఇరవై కిలోమీటర్లు ఎంతసేపట్లో పోద్ది?"

"రెండు గంటలు."

"ఎదురు బండి వస్తే ఆగదా? క్రాసింగ్ కలుపుకో. మూడు."

కిటికీ అవతల హసీనా పప్పు తాలింపు వేస్తోంది. తాలింపు చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. కాసేపటికి పాలు ఎక్కువ పోసిన టీ తెచ్చి మొగుడి చేతికిచ్చింది. అడగకుండా టీ ఇచ్చే మనిషి కాదు హసీనా. అప్పుడైనా ముర్తుజా ఆలోచించాల్సింది. టీ బాగుందని తాగేశాడు.

మూడో రోజు సాయంత్రం కొట్టు కట్టేసి ఇంటికొచ్చేసరికి వరండాలో ఏడుగురు పిల్లలు చాపలేసుకుని కూర్చున్నారు. వాకిట్లో పక్కింటి రత్నకుమారి నిలబడి ఉంది. ఆమె మొగుడు యోబు తాపీ మేస్త్రీ. ఆ పక్కన చేతులకు గ్రీజుతో లారీ మెకానిక్ దావూద్.

"అన్నయ్యా, మీరు లెక్కలు చానా బాగా చెబుతున్నారంటగా. వదిన చెప్పింది," అంది రత్నకుమారి. "మా కీర్తనను కూడా కూర్చోబెట్టుకోండి. అదీ పరీక్ష రాస్తంది."

"మా నవీద్ గాడు కూడా భాయ్," అన్నాడు దావూద్. "నేను లారీ కిందే పుట్టి లారీ కిందే ముసలోణ్ణి అయ్యేట్టున్నా. వాణ్ణన్నా లారీ పైన కూర్చోబెట్టే దారి చూపించు. కొడితే కొట్టు, నేనేం అనను."

ముర్తుజా వంటింటి వైపు చూశాడు. హసీనా వంకాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు.

అప్పుడతను మనసులో లెక్క వేసుకున్నాడు. సొంత కూతురికి సీటు రాకపోతే అది ఇంటి సంగతి. నవీద్‌కు రాకపోతే దావూద్ మొహం ఎట్లా చూడాలి? మార్కెట్లో ఒక్క బస్తాలో తాలు కాయ బయటపడినా ఆ పేరు మీద వచ్చిన సరుకంతా పక్కకు నెట్టేస్తారు. ఏడు బస్తాల్లోనూ తాలే అయితే ఇక ఊళ్లో తల ఎత్తుకోనక్కర్లేదు.

గొంతు సవరించుకుని కూర్చున్నాడు. "నలభై కిలోల బస్తాలు ఇరవై ఐదు. మొత్తం ఎంత?"

"వెయ్యి," అన్నారు అందరూ.

"తొమ్మిది వందల డెబ్బై ఐదు," అంది సబా.

అందరూ ముర్తుజా వైపు తిరిగారు.

"వెయ్యే," అన్నాడు మెల్లగా.

"మరి తరుగు నాన్నా?"

"అవి సర్కారు బస్తాలమ్మా. సర్కారుకు తరుగు ఉండదు."

వంటింట్లో హసీనాకు దగ్గు వచ్చింది. ఎంతకూ ఆగలేదు.

అయినా ముర్తుజా అంత తేలిగ్గా వదిలే రకం కాదు. వరండాలో అందరికీ సర్కారు లెక్క చెప్పి, కొట్టు దగ్గర సబాకు ఒక్కదానికే విడిగా కొట్టు లెక్క చెప్పడం మొదలుపెట్టాడు. ఆ ఏర్పాటు రెండు రోజులు నడిచింది. మూడో రోజు కీర్తన చెయ్యెత్తింది.

"మామయ్యా, సబా పుస్తకంలో ఇద్దరు మేస్త్రీలకు ఏడు రోజులని ఉంది. మా నాయనా, బాబాయీ కలిసి పోయిన నెలే గోడ కట్టారు. మూడు రోజులే పట్టింది."

"మీ నాయన మంచోడమ్మా. టీ తక్కువ తాగుతాడు."

"నాలుగుసార్లు తాగాడు. నేనే ఇచ్చా."

మేస్త్రీ కూతురి ముందు మేస్త్రీ లెక్క నిలబడలేదు. ముర్తుజా ఆ పూటే కొట్టు లెక్క మూసేశాడు.

ఇక మిగిలింది నిజంగా చదువు చెప్పడం. అక్కడొచ్చింది చిక్కు. కూడికలు, గుణకారాలు అతని నాలుక మీదుంటాయి కానీ, భిన్నాలు బడిలోనే వదిలేసి వచ్చాడు. నరసరావుపేట వెళ్లిన రోజు మందపాటి గైడు ఒకటి కొనుక్కొచ్చి, కాయల రాశి వెనక దాచుకుని చదవసాగాడు. ఒకరోజు రైతు వచ్చి, "సరుకు ఎట్టుంది ముర్తుజా?" అని అడిగితే, కాయ విరిచి చూసి, "నాలుగింట మూడు వంతులు బాగుంది. మిగతాది కనిష్ఠ రూపంలోకి మార్చాల," అన్నాడు. రైతు బస్తా సర్దుకుని పక్క కొట్టుకు వెళ్లిపోయాడు.

పోనుపోను ముర్తుజాకు అందులో రుచి తగిలింది. చాప మీద గుప్పెడు మిరపకాయలు పోసి, పన్నెండింట్లో మూడు తాలైతే ఎన్నో వంతు అని అడిగేవాడు. నవీద్ మొదట్లో వేళ్లు లెక్కపెట్టి, వేళ్లు చాలక పక్కవాడి వేళ్లు కూడా తీసుకునేవాడు. నెల తిరిగేసరికి ముర్తుజా నోట ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పసాగాడు. అది చూసి ముర్తుజా, మొదటిసారి గుంటూరుకు సరుకు పంపిన రోజు పడ్డంత సంతోషపడ్డాడు. అందరికంటే ముందు నడిచేది మాత్రం సబానే. ప్రతి ఆదివారం పెట్టే పరీక్షలో దానికే మొదటి మార్కు. మార్కు వేసేటప్పుడు ముర్తుజా చెయ్యి ఒక క్షణం ఆగేది. వేసేది.

పరీక్ష గురజాలలో. ఏడుగురు పిల్లల్ని, ఏడు అట్టల్ని, పధ్నాలుగు పెన్నుల్ని బస్సెక్కించి ముర్తుజానే తీసుకెళ్లాడు. హసీనా రాలేదు. "మాస్టారు ఉన్నాడుగా, నేనెందుకు," అంది. టిఫిన్ డబ్బా మాత్రం ఎనిమిదిమందికి కట్టింది.

గేటు దగ్గర పిల్లల్ని ఒక్కొక్కరినీ పంపిస్తున్నారు. సబా వంతు రాబోతుండగా ముర్తుజా దాన్ని పక్కకు పిలిచి, భుజం మీది తువాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు.

"ఆ బడికి పోవాలని నీకెంత ఉందో చెప్పు. నీ ఇష్టం. ఎంతైనా నేనేం అనుకోను."

తువాలు కింద చిన్న చెయ్యి ఒక వేలు పట్టుకుంది. ముర్తుజా ప్రాణం లేచొచ్చింది. తర్వాత రెండు. మూడు. ఆగింది. మళ్లీ నాలుగు, ఐదు వేళ్లూ కలిపి గట్టిగా నొక్కి, వదలకుండా పట్టుకుంది.

సంతలో మీరా సాహెబ్ కూడా ఇంత నిక్కచ్చిగా ధర చెప్పి ఉండడు. ముర్తుజా ఆ చిన్న చేతిని పిడికిలిగా మూసి పట్టుకున్నాడు. బేరం తెగింది.

"తరుగు మాత్రం తియ్యబాక," అన్నాడు.

"తెలుసులే నాన్నా," అని సబా లోపలికి పరుగెత్తింది.

ఫలితాలు నెల తర్వాత ఫోన్లో వచ్చాయి. సబాకు, కీర్తనకు ఒకే గురుకులంలో సీట్లు. నవీద్‌కు మగపిల్లల గురుకులంలో. మిగతా నలుగురిలో ఇద్దరి పేర్లు రెండో జాబితాలో ఉండొచ్చన్నారు. దావూద్ గ్రీజు చేతులతోనే ముర్తుజాను వాటేసుకున్నాడు. తెల్ల చొక్కా మీద పది వేళ్ల ముద్రలు పడ్డాయి. ఉతికినా పోలేదు, ముర్తుజా పోవాలని కోరుకోనూ లేదు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక, హసీనా పెట్టెలో సబా బట్టలు సర్దుతూ ఒక నోటు పుస్తకం తీసి మొగుడి ముందు పడేసింది. మొదటి రోజు పాఠాల పుస్తకం. పేజీ మధ్యలో గీత. ఒక పక్క "నాన్న లెక్క" అని, రెండో పక్క "అసలు లెక్క" అని సబా చేతిరాత. నాన్న లెక్క కింద తొమ్మిది వందల డెబ్బై ఐదు. అసలు లెక్క కింద వెయ్యి. ఏడుకు ఎదురుగా మూడు. మూడుకు ఎదురుగా రెండు.

ముర్తుజా పేజీలు తిప్పి, మూసి, చాప కింద పెట్టబోయాడు. హసీనా మళ్లీ పైకి తీసింది.

"నీకెప్పుడు తెలిసిందే?"

"నేనే చెప్తా అన్న పూటే. పన్నెండేళ్ల కాపురంలో అడక్కుండా ఏ పని నెత్తినేసుకున్నావయ్యా నువ్వు?"

"మరి సరే అన్నావేంది?"

"నీకంటే బాగా లెక్క చెప్పేవాడు ఊళ్లో లేడు. అది నిజమేగా. కాకపోతే నీది చేను గట్టు దాటే ఎద్దు రకం. పక్కన కాపలా ఉండాల. అందుకే ఏడుగుర్ని కూర్చోబెట్టా."

"పిల్లకూ తెలుసా?"

"దానికి తెలియకపోతే గీత ఎవురు గీశారు? నాన్న చిన్నబుచ్చుకుంటాడని రెండూ రాసిందంట."

ముర్తుజా ఎక్కడ చూడాలో తెలియక పెట్టె వైపు చూశాడు. పెట్టెలో సగం నిండిన బట్టలు, వాటి మీద కొత్త చెప్పులు. సబా పక్కింట్లో కీర్తనతో కలిసి నవ్వుతున్న నవ్వు గోడ మీదుగా వస్తోంది.

"ఇక సాయంత్రాలు కొట్లో తోచదే," అన్నాడు చివరికి. అంతకాలం దాచుకున్న మాట అదొక్కటే.

హసీనా చేతిలోని బట్టలు పక్కన పెట్టింది. లేచి అతని భుజం మీది తువాలు లాగి, తన చేతి మీదా అతని చేతి మీదా కప్పింది. పన్నెండేళ్లలో ఎప్పుడూ చెయ్యని పని.

"నీకిది ఎప్పుడు వచ్చిందే?"

"చూస్తానే ఉన్నాగా. కానియ్యి."

అతని ఐదు వేళ్లూ నొక్కింది.

"ఏంది ఐదు?"

"వారానికి ఐదు సాయంత్రాలు. వచ్చే ఏడు పరీక్ష రాసే పిల్లలకు. రత్నకుమారి మరిది కూతురు, దావూద్ రెండోది, ఇంకా ఇద్దరో ముగ్గురో ఉన్నారు."

ముర్తుజాలో వ్యాపారి మేల్కొన్నాడు. రెండు వేళ్లు నొక్కాడు. హసీనా ఐదు. అతను మూడు. ఆమె మళ్లీ ఐదు. చెమట పట్టింది. ఇక ఇంతకంటే దిగేది లేదని మొహం గంభీరంగా పెట్టి నాలుగు నొక్కాడు.

హసీనా క్షణం ఆలోచించకుండా అతని చేతిని పిడికిలిగా మూసేసింది.

"సరే."

ముర్తుజా నవ్వబోయి ఆగాడు. ఈసారి సూత్రం వెంటనే గుర్తొచ్చింది. తువాలు వదిలేసి, లేచి, వాకిలి తలుపు తీసి చూశాడు.

వరండాలో చాపలు పరుచుకుని పిల్లలు నోటి మీద వేలేసుకుని కూర్చున్నారు. మెట్ల కింద పద్దెనిమిది జతల చెప్పులు.