అయిదు శిఖరాల ఫ్లెక్సీ

ఆ బుధవారం ఉదయం నరహరి వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్త బూట్లు తొడుక్కుని, తార్నాకలో ఎవరి కంటా పడకుండా యూనివర్సిటీలోకి దూరి, రెండు చుట్లు తిరిగి, భార్య ప్రమీలమ్మ ఉప్మా దించేలోపు ఇంటికి చేరుకోవాలి. బూట్లు కాళ్లకు అలవాటు కావాలి, సంగతి ఊరికి తెలియకూడదు. అంతే.

సంగతి ఏమిటంటే, నరహరి కొండలెక్కబోతున్నాడు. జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు భూగోళం చెప్పి, హిమాలయ శిఖరాల ఎత్తులన్నీ అప్పజెప్పగలిగిన ఆ మనిషి యాదగిరిగుట్టకంటే ఎత్తుకు ఎప్పుడూ వెళ్లలేదు. అదీ బస్సులో. ఇప్పుడు ఉత్తరాఖండ్‌లో ఒక గైడు వెంట, తెల్లవారుజామున బయలుదేరి పొద్దుగూకేలోపు అయిదు శిఖరాలు దాటే నడకకు పేరు ఇచ్చాడు. తోడు వారాసిగూడ ఉప్పలయ్య. చదువుకునే రోజుల్లో ఇద్దరిదీ ఈ యూనివర్సిటీ హాస్టల్లోనే ఒకే గది, ఒకే బకెట్టు. సాయంత్రం కాగానే హాస్టలు వెనుక బండలెక్కి కూర్చునేవారు. ఒక్కరోజన్నా అసలు కొండలెక్కాలని అక్కడే అనుకున్నారు. తర్వాత ఉద్యోగాలు, పిల్లలు, బీపీ గోలీలు వరుసగా వచ్చాయి గానీ కొండలు రాలేదు. ఇప్పుడు డాక్టరు ఉప్పలయ్య మోకాళ్లు చూసి, దసరా దాటితే ఆపరేషనే అన్నాడు. ఎక్కితే ఈ నెలలోనే ఎక్కాలి, లేకపోతే ఇక లేదు.

ప్రమీలమ్మకు మాత్రం గంగాస్నానానికి పోతున్నామని చెప్పాడు. మేడమెట్లకే ఆయాసపడే మనిషి దగ్గర శిఖరాల మాట ఎత్తితే తనను గడప దాటనివ్వదని అతని భయం. ఆమె గంగనీళ్లు పట్టుకురమ్మని ఒక ప్లాస్టిక్ క్యాను కడిగి, ఎండలో బోర్లించింది.

మనం అనుకున్నట్టు ఏది జరిగింది గనక! ఆర్ట్స్ కాలేజీ ముందు రాజలింగం ఎదురుపడ్డాడు. కరెంటు ఆఫీసులో రిటైరై వాకర్ల సంఘానికి అధ్యక్షుడైన రాజలింగానికి ఉన్న వ్యసనం ఒక్కటే, సన్మానం చేయడం. సంఘంలో ఎవరికి మనవడు పుట్టినా, ఎవరి షుగరు అదుపులోకి వచ్చినా శాలువా కప్పి తీరేవాడు. వానలు మొదలయ్యాక ఎవరింట్లోనూ ఏ శుభమూ జరగక ఒక శాలువా బీరువాలోనే మగ్గుతోంది.

"ఏంది సార్, గా బూట్లేంది? మిలిట్రీల చేరినవా ఏంది?" అన్నాడు రాజలింగం.

"ఏం లేదు. ఊకెనే."

"ఊకెనే గిసుంటి బూట్లు ఎవడు కొంటడు? చెప్పు సార్, నేనెవ్వరికి చెప్త?"

ఆ మాట నమ్మడమే నరహరి చేసిన తప్పు. చెప్పేశాడు. రాజలింగం ముఖం విప్పారింది.

"అయిదు శిఖరాలా! సన్మానం చెయ్యాలె సార్. ఈ ఐతారమే."

"నేను పోయేదే పై ఐతారం. వచ్చినంక చూద్దాం తీ."

"పై ఐతారం మన ముఖ్య అతిథి కార్పొరేటర్ సాబుకు రెండు రిబ్బన్ కటింగులున్నయి. ఈ ఐతారమైతే ఖాళీ."

"ఎక్కకముందే సన్మానమేంది రాజలింగం?"

"ఎట్లయినా ఎక్కుతవు గద? నువ్వెక్కుడు జర ఎనకాముందైనా నడుస్తది సార్. అతిథి దొరకుడు కష్టం."

శుక్రవారం తెల్లవారేసరికి తార్నాక చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. 'ఒక్కరోజులో అయిదు హిమాలయ శిఖరాలను అధిరోహించి విచ్చేసిన మా నరహరి సార్‌కు ఘన స్వాగతం!' ఎక్కబోతున్నాడని రాస్తే అతిథిని ఉత్తపుణ్యానికి పిలిచినట్టుంటుందని రాజలింగం వాదన. మంచులో నిలబడ్డ ఎవరో దొరగారి ఒంటికి నరహరి తల అతికించారు. పింఛను కార్డు మీది ఫోటో కావడంతో శిఖరాగ్రాన కూడా అతను బతికే ఉన్నానని చెప్పుకోవడానికి వచ్చినవాడిలాగే ఉన్నాడు. పై వరుసలో అతిథి తల, రాజలింగం తల గుమ్మడికాయలంత. అడుగు వరుసలో మిగతా సభ్యుల తలలు బొట్టుబిళ్లలంత.

ప్రమీలమ్మకు ఈ వార్త కూరగాయల బండి దగ్గర తెలిసింది. "సారు మంచు కొండలెక్కి వచ్చిండట గదమ్మా, దగ్గు గిట్ల పట్టలేదా?" అని బండి బిక్షం వంకాయలు తూస్తూ పరామర్శించాడు. ఆమె వంకాయలు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చింది.

"రాత్రంత నా పక్కన గురకపెట్టినవు. అయిదు కొండలు ఎప్పుడెక్కినవు?"

"ఇంక ఎక్కలే. ఎక్కుదామని..."

"మరి గంగకని నాతోని క్యాను కడిగిస్తివి?"

"చెప్తె వద్దంటవని. నువ్వు మేడమెట్లకే ఆయాసపడ్తవు..."

"తడిబట్టల బకెటు పట్టుకొని ఎక్కి చూడు. ఆయాసమేందో నీకూ తెలుస్తది," అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ పూట అతనికి వడ్డించకుండా గిన్నెలు బల్ల మీద పెట్టేసింది. తిట్టినా బాగుండేదని నరహరికి అనిపించింది.

మధ్యాహ్నానికి సీతాఫల్‌మండి నుంచి బావమరిది అభినందనలు చెప్పాడు. నల్లకుంట నుంచి పాత విద్యార్థిని శిరీష మిఠాయి డబ్బాతో వచ్చి కాళ్లకు దండం పెట్టింది. కాదు తల్లీ అంటే, సారుకు మొదటినుంచీ గొప్పలు చెప్పుకోవడం ఇష్టం ఉండదని మళ్లీ పెట్టింది. ఈ దండాల మధ్యలోనే గైడు ఫోను చేశాడు. కొండచరియలు విరిగిపడి రోడ్లు తెగిపోయాయి. ఇక ఈ ఏడాదికి నడకలు లేవు.

కబురు విని వచ్చిన ఉప్పలయ్య, మోకాలి పట్టీ సవరించుకుంటూ సోఫాలో చాలాసేపు కూర్చున్నాడు.

"అయితే ఇగ ఎక్కనట్టేనారా?"

నరహరి చేతిలోని ఫోను బల్ల మీద బోర్లించాడు.

"పోనీ తీ. నువ్వు ఫ్లెక్సీలనన్న ఎక్కినవు," అని నవ్వబోయాడు ఉప్పలయ్య. నలభై ఏళ్ల స్నేహంలో ఉప్పలయ్య అడిగింది ఈ ఒక్క రోజే.

ఫ్లెక్సీ అయినా దించమని నరహరి రాజలింగాన్ని బతిమాలాడు.

"కట్టిన ఫ్లెక్సీ నడుమల దించితె మనిషే పోయిండనుకుంటరు సార్," అన్నాడు రాజలింగం.

ఆదివారం పొద్దున క్యాంపస్ చెట్ల కింద కుర్చీలు వేశారు. చౌరస్తా ఫ్లెక్సీని తెచ్చి వెనకాల కట్టారు. అతిథి వచ్చి, శాలువా కప్పి, ఫోటో దిగి, నరహరి పేరు అడిగి తెలుసుకుని వెళ్లిపోయాడు. రాజలింగం మైకు నరహరి చేతికిచ్చి, అనుభవాలు చెప్పమన్నాడు.

నరహరి లేచాడు. ముందు వరుసలో ఉప్పలయ్య, చివరి వరుసలో ప్రమీలమ్మ. అబద్ధం చెప్పడానికి ఆ ఇద్దరూ అడ్డం, నిజం చెప్పడానికి భుజాల మీది శాలువా అడ్డం.

"అయిదు శిఖరాలు ఎక్కిన మాట వాస్తవమే," అన్నాడు చివరికి. "ఒక్కరోజులనే ఎక్కినం, నేను, ఉప్పలయ్య. మొదటిది అన్నపూర్ణ. దాని మీద నిలబడితె మెస్సుల పప్పుచారు వాసనొచ్చేది. రెండోది ధవళగిరి, పావురాలు తెల్లగ చేసినయి. మూడోది నందాదేవి. ఆడికెళ్లి లేడీస్ హాస్టల్ కనబడేది, అందుకని ఎప్పుడూ రద్దీ. నాలుగోది కాంచనగంగ. అయిదోది మా హాస్టల్ ఎనుక ఎవరెస్టు. ఆ బండలకు పేర్లు మేం పెట్టుకున్నయే. అసలు కొండలు నేను ఇంతవరకు చూడలే. రోడ్డు తెగిందట, ఇగ చూస్తనో లేదో తెల్వదు. ఈ శాలువా తీసుకోండ్రి."

ఎవరూ శాలువా తీసుకోలేదు. వెనుక నుంచి ఒక బట్టతలాయన లేచి, "నందాదేవి మీద నేను గూడ కూసున్న!" అని అరిచాడు. ఇంకొకాయన తన ఎమ్మే మొత్తం ధవళగిరి మీదే చదివానన్నాడు. అక్కడున్న సగం మంది ఈ హాస్టళ్ల అన్నం తిన్నవాళ్లే. అందరికీ తలా ఒక బండ గుర్తొచ్చింది. "చూపెట్టు సార్, పోదాం నడువు!" అన్నారు.

ఆ విధంగా నరహరి గైడుగా అయిదు శిఖరాల యాత్ర బయలుదేరింది. రాజలింగం ఊరేగింపు హంగు ఏ మాత్రం తగ్గకుండా ఫ్లెక్సీ విప్పించి ముందు మోయించాడు. అన్నపూర్ణ ఉండాల్సిన చోట స్కూటర్ల షెడ్డు ఉంది. దాని ముందు అందరూ ఆగి, పప్పుచారు వాసన కోసం ముక్కులెగరేశారు. నందాదేవి దగ్గర ముసలివాళ్లంతా చిన్నపిల్లల్లా తోసుకున్నారు. అక్కడి నుంచి ఇప్పుడు ఒక నీళ్ల ట్యాంకు తప్ప ఏమీ కనబడదు. అయినా ఎవరూ తొందరగా దిగలేదు.

ఎవరెస్టు కింద యాత్ర ఆగిపోయింది. పాత దారంతా ముళ్లపొదలు కమ్మేశాయి. ఉప్పలయ్య బండకు చేయి ఆనించి, "నేను కిందనే ఉంటరా, నువ్వెక్కు," అన్నాడు. అధ్యక్షుడు వెనకాడితే బాగుండదని రాజలింగం నేరుగా బండ ముఖం మీదినుంచే పాకాడు. సగం పాకాక కిందికి చూశాడు. చూడకుండా ఉండాల్సింది.

"సార్! ఫైరింజన్ పిలువుండ్రి!"

"ఫైరింజన్ ఎందుకు? ఈ పక్క మెట్ల లెక్కనే ఉన్నది," అని పైనుంచి వినబడింది.

అందరూ తలెత్తారు. బండ మీద ప్రమీలమ్మ చెప్పులు పక్కన పెట్టుకుని, ఒళ్లో సీతాఫలాలతో కూర్చుని ఉంది.

"నువ్వెట్లెక్కినవ్?" అన్నాడు నరహరి.

"మా సీతాఫల్‌మండి పిల్లలమంత గీడ్నే పండ్లు తెంపేటోళ్లం. మీ ఎవరెస్టు మాకు చెప్పుల్లేకుంట ఎక్కే బండ. నువ్వెప్పుడన్న అడిగినవా?"

నరహరి నిజంగానే ఎప్పుడూ అడగలేదు. ఆమె చెప్పిన వెనుక దారిన ఉప్పలయ్యను మెల్లగా పైకి తెచ్చారు. అతను కూర్చుని ఆర్ట్స్ కాలేజీ వైపు చూశాడు. సీతాఫల్‌మండి స్టేషన్లో రైలు కూత వేసింది, ఆనాటి కూతే. "అయినయిరా, అయిదూ అయినయి," అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. నరహరి అతని భుజం మీద చేయి వేశాడు. ప్రమీలమ్మ ఇద్దరికీ చెరో పండు విప్పి పెట్టింది. నరహరి తన శాలువా తీసి ఆమెకు కప్పితే, ఉక్కపోస్తోందని మడిచి పక్కన పెట్టింది గానీ ముఖంలో కోపం లేదు.

"అసలు కొండలకు పోయిననాడు ముగ్గురం పోదాం. క్యాను నేనే పట్టుకుంట," అంది.

ఇక రాజలింగం మిగిలాడు. బండ కింద ముళ్లపొదల మీద ఫ్లెక్సీ పరిచి, జారమన్నారు. అతను కళ్లు మూసుకుని, అతిథి తల మీదుగా, తన తల మీదుగా జారుతూ వచ్చి నరహరి హిమాలయాల మధ్య క్షేమంగా దిగాడు.

వారం తిరగకముందే తార్నాక చౌరస్తాలో కొత్త ఫ్లెక్సీ లేచింది. ప్రతి ఆదివారం అయిదు శిఖరాల నడక, గైడు ప్రమీలమ్మ. పైన ఆమె తల గుమ్మడికాయంత ఉంది. నరహరి తల అడుగు వరుసలో, బొట్టుబిళ్లంత.