శాలువా కప్పిన సర్టిఫికెట్

సత్కారం జరగని చదువు చదువే కాదు! నాందేడ్‌లోని మా తెలుగు సమాజానికి కార్యదర్శిగా నేను బాగా ఆలోచించి ప్రకటిస్తున్న సత్యమిది. పిల్లవాడు పదో తరగతి గట్టెక్కినా, పెద్దాయన హెర్నియా ఆపరేషన్ నుంచి క్షేమంగా ఇల్లు చేరినా మేము చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టి, శాలువా కప్పి, చేతిలో కొబ్బరికాయ పెడతాం. ఫ్లెక్సీ అడుగున అభినందించేవారి ఫోటోలుంటాయి. వాటిలో మొదటిది ఎప్పుడూ నాదే.

అందుకే రైల్వే క్లర్కు అంబదాస్ కూతురు యామిని హైదరాబాద్ వెళ్లి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో తొలిమెట్టు సర్టిఫికెట్ పరీక్ష పాసై వచ్చిందని తెలియగానే, నేను జుట్టుకు రంగేసుకుని ఫోటో దిగాను. ఆ సర్టిఫికెట్ దేనికో మాత్రం ఎవరికీ తెలియదు. ప్రాజెక్టంటే మాకు తెలిసింది ఊరి పక్కన గోదావరి మీదున్న విష్ణుపురి ప్రాజెక్టు ఒక్కటే.

"ఏ గేట్లు ఎత్తుతవే బిడ్డా?" అని ఆమె నాయనమ్మ ఎంకవ్వ అడిగింది.

"గేట్లు కాదవ్వా. ఏ పని ఎవరు చెయ్యాలె, సామాను ఎప్పుడు రావాలె, అన్నీ ముందుగాల్నే చూసుకునే నౌకరి."

"గది నేను పెండ్లైనకాడికెల్లి చేస్తున్న గదనే! నాకేడిచ్చిండ్రు సర్టిఫికెట్?"

ఎంకవ్వ సంగతి ఎలా ఉన్నా, యామినికి నౌకరీ అత్యవసరం. దీపావళిలోగా రాకపోతే బీఎడ్‌లో చేర్పిస్తానని అంబదాస్ తేల్చేశాడు. పాపం, ఆ అమ్మాయికి క్లాసు నిండా పిల్లల్ని తలుచుకుంటేనే చెమటలు పడతాయి!

సర్కారు గోదాములు కట్టే కాంట్రాక్టర్ వెంకటస్వామి సేఠ్ దగ్గర ఖాళీ ఉందని విని నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన సర్టిఫికెట్‌ను వెలుతురుకు పట్టి, దొంగనోటేమో చూసినట్టు చూశాడు.

"కాయిదం మంచిగనే ఉన్నది బిడ్డా. ఇంతకుముందు ఏడన్న పని చేసిన తజుర్బా ఉన్నదా?"

"నౌకరి ఇస్తే అస్తది సేఠ్."

"గట్లెట్ల? ముందుగాల తజుర్బా తెచ్చుకోని రా, నౌకరి ఇస్త!"

"గది ఏడ దొరుకుతది?"

"నౌకరి చేస్తే దొరుకుతది!"

ఇంత స్పష్టంగా చెప్పాక ఇంకేం మాట్లాడతాం? టీ తాగి లేచాం. లేస్తూ లేస్తూ యామిని సత్కారానికి ముఖ్య అతిథిగా రమ్మని ఆయన్నే పిలిచాను. ఎందుకంటారా? ఫ్లెక్సీ ఖర్చు ముఖ్య అతిథే భరించడం మా ఆచారం.

"కాకా, నన్ను ఎల్లగొట్టినోని చేతులకెల్లే నాకు శాలువానా?" అంది యామిని. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ బాధేసింది. కానీ ఏం చేయను, రంగేసిన జుట్టు వెలిసిపోకముందే ఫ్లెక్సీ పడాలి!

ఆదివారం సాయంత్రం కాలనీ హాలు కిటకిటలాడింది. మైకువాడు రాలేదు. సేఠ్‌కు కుర్చీ లేదు. శాలువా ఒక్కటే ఉంది, కప్పించుకోవాల్సినవారు వేదిక నిండా ఉన్నారు. కార్యదర్శిగా కంగారుపడే బాధ్యతను నేను సమర్థంగా నిర్వర్తించాను. చివరికి ఎవరికి సత్కారమో ఆ అమ్మాయే చీరకొంగు నడుముకు చుట్టుకుని దిగింది.

"యోగేశ్ అన్నా, గణపతి మండలోళ్ల మైకు పట్టుకరా! పూనమ్, మిఠాయి పేడాలు ఇప్పుడే పంచకు, మంది లేచిపోతరు. శాలువా ఒక్కొక్కరికి కప్పుండ్రి, ఫోటో అయినంక ఎనుకకెల్లి గుంజుకోండ్రి. కాకా, నువ్వు గమ్మున కూసో!"

అంతా కుదిరింది. సర్టిఫికెట్ ఫ్రేమును గోడకు తలకిందులుగా తగిలించారు. అతిథులు అందరూ దానికి దండం పెట్టారు, ఒక్కరూ గమనించలేదు. సేఠ్ దానికి దండ వేసి మైకందుకున్నాడు.

"ఇది ఉత్త కాయిదం కాదు, బంగారం! కొత్త పోరలకు మోకా ఇయ్యాలె, ఒక అవకాశం ఇయ్యాలె! నా మొదటి ఠేకా దొరికిననాడు సిమెంటుల ఇసుక ఎంత కలపాల్నో నాకు తెల్వదు! ఒక పెద్దమనిషి నమ్మి ఇచ్చిండు!"

చప్పట్లు మోగాయి. యామిని మైకు తీసుకుంది.

"శుక్రియా సేఠ్. మరి రేపు డ్యూటీకి ఎన్ని గంటలకు రావాలె?"

ముందు ఎంకవ్వ చప్పట్లు కొట్టింది, ఆ తర్వాత హాలంతా కొట్టింది. సేఠ్ నన్ను చూశాడు, పేపరువాళ్ల కెమెరాను చూశాడు, నవ్వాడు.

"తొమ్మిదికి రా బిడ్డా."

సర్టిఫికెట్‌తో నౌకరీ వస్తుందా అని ఇప్పుడు అందరూ నన్నే అడుగుతున్నారు. రాదు! సర్టిఫికెట్‌తో శాలువా వస్తుంది, శాలువాతో మైకు వస్తుంది. నౌకరీని మైకులో అడగాలి.

మర్నాడు సాయంత్రం యామిని నవ్వుతూ మా ఇంటికి వచ్చింది.

"ఏ గోదాం అప్పజెప్పిండు బిడ్డా?"

"గోదాం కాదు కాకా. కొత్త పోరలకు మోకా ఇచ్చిన మహానుభావుడని సేఠ్‌కే సత్కారం! గదే నా మొదటి ప్రాజెక్ట్. ఫ్లెక్సీ నుంచి పేడాల దాకా అంత నా చేతిలనే."

నా చేయి రంగేసిన జుట్టు మీదికి పోయింది. "ఫ్లెక్సీల మొదటి ఫోటో నాదే గద బిడ్డా? ఇన్నేండ్ల సంది సత్కారాలు చేసిన మనిషిని!"

యామిని నన్ను ఎగాదిగా చూసింది.

"తజుర్బా మంచిగనే ఉన్నది కాకా. సర్టిఫికెట్ ఉన్నదా?"