పది తుపాకులకు ఒక కాపలా

ఇంటిని ఎలా కాపాడుకోవాలో లోకానికి పాఠం చెప్పగల కుటుంబం అమెరికాలోని వెస్ట్ వర్జీనియా కొండల్లో ఒకటుంది. ఆ ఆదివారం ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు: తాతయ్య ఓర్విల్, నానమ్మ యూనిస్, నాన్న వెండెల్, బాబాయి డార్ల్, పదిహేనేళ్ళ డెలియా, పద్నాలుగు తుపాకులు. (అమ్మ ఆసుపత్రి డ్యూటీలో ఉంది. అందుకే సమావేశం ప్రశాంతంగా జరిగింది.)

మర్నాడు జింకల వేట మొదలు. బడికి వారం సెలవు. టీచర్లూ అడవిలోనే ఉంటారు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. ఈసారి డెలియాను తన మంచె మీదికి తీసుకెళ్తానని తాతయ్య మాటిచ్చాడు. వచ్చే ఏడాదికి ఆయన మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వవని డాక్టరు తేల్చేశాడు. అందుకే డెలియా వేసవంతా చదివి, వేట భద్రత పరీక్షలో యాభైకి నలభై తొమ్మిది తెచ్చుకుంది. ఆ ఇంట్లో పరీక్ష పాసైన కార్డున్నది ఆమె ఒక్కదానికే. మిగతావాళ్ళు ఆ పరీక్ష పుట్టకముందే పుట్టారు కాబట్టి పుట్టుకతోనే పాసయ్యారు. (బాబాయి రెండేళ్ళ క్రితం తుపాకి తుడుస్తూ ఫ్రిజ్‌ను కాల్చాడు. అదీ పాస్ కిందే లెక్క.)

గృహరక్షణ సంఘానికి అధ్యక్షుడు నాన్న. మొదటి అంశం, దొంగ వస్తే ఏ తుపాకి తీయాలి. గురి చూసే పని ఉండదని నాన్న రెండు గొట్టాలదాన్ని సిఫారసు చేశాడు. బాబాయి ముప్పై గుళ్ళు వరసగా పేల్చేదాన్ని ప్రతిపాదించాడు.

"ముప్పై మంది దొంగలొస్తారా, బస్సు మాట్లాడుకుని?" అంది నానమ్మ. ఆవిడ తన చేతిసంచిలోని పిస్తోలు తప్ప దేన్నీ నమ్మదు. గంటన్నర చర్చించాక మూడూ ఉండాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

అప్పుడు నాన్నకు రెండో అంశం తట్టింది. రేపు ఊరంతా వేటలో ఉంటుందని దొంగలకూ తెలుసు. పెద్దవాళ్ళు నలుగురూ తలొకటి పట్టుకెళ్తే ఇంట్లో పది తుపాకులు మిగులుతాయి. ఇంటిని కాపాడే తుపాకులను కాపాడేదెవరు? అధ్యక్షుడి వేలు డెలియా వైపు తిరిగింది.

డెలియా మామూలుగా పెద్దల మధ్య నోరు విప్పదు. ఆ రోజు విప్పింది.

"పెద్దవాళ్ళెవరూ దగ్గర లేకుండా నేను తుపాకి ముట్టుకోకూడదు నాన్నా. పుస్తకంలో ఉంది."

నాన్న మొహం వెలిగిపోయింది. "చూశారా, బాధ్యతంటే ఇదీ. రూల్సన్నీ తెలిసిన మనిషి ఇంట్లో ఇదొక్కతే. ఇంతకన్నా అర్హత ఎవరికుంది?"

డెలియానే ఇంటి దగ్గర కాపలా ఉంచాలన్న తీర్మానం నెగ్గింది. తాతయ్య వ్యతిరేకంగా చెయ్యెత్తలేదు. అనుకూలంగానూ ఎత్తలేదు. వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటూ ఉండిపోయాడు, వేట రేపయినా. నానమ్మ రేపటి వేటకు కట్టిన పొట్లంలోంచి ఒక రొట్టె తీసి డెలియా కంచంలో పెట్టింది.

తెల్లారేసరికి వాకిట్లో ట్రక్కు ఇంజను మోగుతోంది. ముందు సీట్లో తాతయ్య కిటికీ వైపు తిరగకుండా కూర్చున్నాడు. నాన్న గుమ్మంలో నిలబడి ఆదేశాలిచ్చాడు. ఎవరొచ్చినా తలుపు తీయకూడదు. తుపాకుల బీరువా దగ్గరికి పోకూడదు, చిన్నపిల్లలకు ప్రమాదం.

"మరి దొంగొస్తే ఏం చెయ్యను నాన్నా?"

"ఇంట్లో తుపాకులున్నాయని గట్టిగా అరిచి చెప్పు."

"వాడొచ్చేది వాటికోసమే కదా."

నాన్న తలుపు పిడి పట్టుకున్నాడు. "అయితే మెల్లగా చెప్పు," అని తలుపు మూసేశాడు.