ముందడుగు పథకం

“ఈ క్షణం నుంచి మన ప్రభుత్వాసుపత్రుల్లో క్యాన్సర్ వల్ల ఒక్క కాలు కూడా విరగదు. ఇది నా ఆదేశం!” అని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించగానే మా ఎముకల వార్డు చప్పట్లతో దద్దరిల్లింది. ఎముకలకు సైతం ఆర్డరు వేయగల నాయకుడు మనకు దొరకడం అదృష్టమని పాఠకులు గమనించగలరు.

ఇంతకీ ఆ మహానుభావుణ్ణి ఇక్కడికి రప్పించింది మా అక్క కుడి తొడ ఎముక. అక్క టైలరు. రొమ్ములో మొదలైన క్యాన్సర్ తొడ ఎముకలోకి పాకింది.

“చెదలు పట్టిన గుమ్మంలా ఉందమ్మా. విరక్కముందే లోపల రాడ్డు వేస్తే నడుచుకుంటూ ఇంటికెళ్తారు. అప్పటిదాకా ఆ కాలు మీద బరువు మోపొద్దు,” అన్నాడు ఎముకల డాక్టరు.

“ఉన్నన్నాళ్లూ బాత్రూముకి నా కాళ్ల మీద నేను పోతే చాలు బాబూ,” అంది అక్క.

కానీ సూపరింటెండెంటుగారు రూల్సు నమిలి మింగిన మనిషి. “పథకం విరిగిన కాళ్లకే. విరగని కాలికి రాడ్డు సాంక్షన్ చెయ్యలేం. విరిగాక రండి.”

“అంటే విరగ్గొట్టుకుని రమ్మంటారా?” అన్నాను ఒళ్లు మండి.

“నేనలా అన్లేదు. దానంతటదే విరగాలి.”

ఈ సంగతి పేపర్లో పడింది. మంత్రిగారు మండిపడ్డారు. “చేతులు కాలాక ఆకులు పట్టుకునే ప్రభుత్వం కాదు మాది!” అంటూ ఇవాళ పొద్దున్నే పాత పథకం రద్దు చేసి, ‘ముందడుగు’ అని కొత్తది పెట్టేశారు. ఇకపై విరక్కముందే రాడ్డు. మొట్టమొదటిది మా అక్కకే! నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చేసింది.

అలా వార్డులోనే ప్రారంభోత్సవం పెట్టారు. ట్రేలో రాడ్డు పెట్టి రిబ్బను కట్టారు. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, అక్క మంచం పక్కన నిలబడి నవ్వారు.

ఫొటోగ్రాఫరు పెదవి విరిచాడు. “పేషెంటు పడుకునుంటే ముందడుగులా లేదు సార్.”

“నిజమేనయ్యోయ్. తల్లీ, లేచి ఒక్క అడుగు ముందుకెయ్యి.”

“వద్దు సార్!” అని జనం వెనక నుంచి డాక్టరు అరిచాడు. గన్‌మెన్ ఆయన్ని అక్కడే ఆపేశారు.

“బరువు మోపొద్దన్నారండీ,” అంది అక్క భయంగా.

“నేనున్నా కదమ్మా!” అంటూ మంత్రిగారు చెయ్యందించారు.

అంతటివాడు చెయ్యిస్తే కాదంటామా? అక్క లేచింది. కుడికాలు మోపింది. టప్‌మంది. అక్క పెట్టిన కేకకి నా పై ప్రాణాలు పైనే పోయాయి. పట్టుకుని మంచమ్మీద పడుకోబెట్టాను.

“వెంటనే థియేటర్‌కి తియ్యండి! ఆపరేషన్ చేసి రాడ్డు వేసేద్దాం,” అన్నాడు డాక్టరు, జనాన్ని తోసుకొచ్చి.

సూపరింటెండెంటుగారు గొంతు సవరించుకున్నారు. “సార్, ‘ముందడుగు’ విరగని కాళ్లకే. విరిగినవాటి పథకం పొద్దున తమరే రద్దు చేశారు.”

మంత్రిగారు గడ్డం నిమురుకున్నారు. “ఎడమ కాలు ఎలా ఉంది?”

“అది శుభ్రంగా ఉంది సార్. దానికి ఏ జబ్బూ లేదు,” అన్నాడు డాక్టరు.

“విరగలేదుగా? అయితే దానికి వేసేయండి!”

వార్డు మళ్లీ చప్పట్లతో మారుమోగింది. ఫొటోగ్రాఫరు మంచానికి ఎడమవైపు వచ్చి నిలబడ్డాడు.