ఈ మాత్రానికి డాక్టరెందుకు?

డాక్టరీ అంత దండగమారి వృత్తి లోకంలో ఇంకొకటి లేదని ఈ వారం నిరూపించబోతున్నాను. పాఠకులు కుర్చీల్లో సర్దుకుని కూర్చోవాలి. అవసరమైతే ముందుగానే ఒక బిళ్ళ వేసుకోవాలి. ఏ బిళ్ళ అంటారా? ఏదైనా పరవాలేదు. ఆ స్వేచ్ఛ కోసమే నా ఈ పోరాటం!

మీరే ఆలోచించండి. సగం జీవితం చదువుకే ధారపోసిన డాక్టరు, చివరికి మన చెయ్యి పట్టుకుని ఏమంటాడు? "ఎలా ఉంది?" అని మనల్నే అడుగుతాడు. తెలిస్తే అడుగుతాడా? మా బాబాయ్ అలా కాదు. మనిషి మొహం కూడా చూడనక్కర్లేదు, వెనక నుంచి నడక చూసి జబ్బేదో, మందేదో ఒకే ఊపిరిలో చెప్పేస్తాడు.

బాబాయ్ అంటే మా నాన్న ఆఖరి తమ్ముడు. నాకన్నా తొమ్మిదేళ్ళే పెద్ద. నాకు సైకిలు నేర్పింది ఆయనే. నలభై ఏళ్ళు కార్ల మెకానిక్కుగా పనిచేసి రిటైరయ్యాడు గనక పార్కు బెంచీ మీద కూర్చునే మా నలుగురిలోనూ ఆయన పేరు ఇంజనాయిల్. రెండేళ్ళ కిందట ఆయనకు గుండెపోటు వస్తే ఆస్పత్రిలో స్టెంటు వేశారు. ఆయన దాన్ని స్ప్రింగు అంటాడు. రోజూ ఒక చిన్న యాస్పిరిన్ బిళ్ళ వేసుకోమని రాసిచ్చి పంపారు. ఆస్పత్రి నుంచి బయటికొచ్చిన మూడో వారమే బాబాయ్ బెంచీ మీద ప్రాక్టీసు పెట్టాడు.

"ఒరేయ్, ఇంజనాయిలు చిక్కబడితే ఏమవుద్ది? ఇంజను పట్టేస్తది. రక్తమూ అంతే. రోజుకో బిళ్ళ వేశావనుకో, పల్చగా పారతది. నీ మోడల్ బండ్లన్నిటికీ ఇది అవసరంరా."

"డాక్టర్ని ఒక మాట అడగనా బాబాయ్?"

"ఈ మాత్రానికి డాక్టరెందుకురా?"

ఎంత గొప్ప మాట! అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మా బెంచీ మీద మాత్రం అడక్కుండానే పెడతారు. ఆ సాయంత్రమే మందుల షాపుకి వెళ్ళాను. షాపతను నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: కవరు కావాలా అని. అక్కర్లేదన్నాను. నా వైద్య పరీక్షలు అంతటితో పూర్తయ్యాయి.

ఇక ఆ బిళ్ళ నాకు చేసిన మేళ్ళు చెబుతాను, వినండి.

మొదటిది, మర్యాద. సెలూన్లో గడ్డం గీయించుకుంటుంటే చిన్న గాటు పడింది. మామూలు మనుషులకైతే పటిక రాస్తే ఆగిపోతుంది. నాకు ఆగలేదు. సెలూనాయన దూది పెట్టి నొక్కాడు. ఆ దూది తీసి ఇంకో దూది పెట్టాడు. నా చేతికే దూదిచ్చి, నొక్కుకుంటూ ఉండమని చెప్పి మధ్యలో ఇద్దరికి కటింగ్ చేసి వచ్చాడు. వెళ్ళేటప్పుడు తలుపు దాకా వచ్చి సాగనంపాడు. మళ్ళీ రమ్మని మాత్రం అనలేదు.

రెండోది, సానుభూతి. తలుపు గడియ తగిలినా, బస్సులో ఎవరి మోచెయ్యి తగిలినా ఒంటి మీద నేరేడుపండు రంగు మచ్చ తేలేది. మా ఆఫీసులో మేనేజరు నన్ను పక్కకు పిలిచి, "ఇంట్లో అంతా బాగానే ఉందాండీ?" అని గొంతు తగ్గించి అడిగాడు. నేను మొహమాటానికి ఓ నవ్వు నవ్వాను. అది పొరపాటైంది. తర్వాత ఒకరోజు మరిచిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి నా భార్య ఆఫీసుకొస్తే మా సెక్షనంతా లేచి నిలబడింది. పాతికేళ్ళ సర్వీసులో నాకు దక్కని గౌరవమది.

మూడోది, కుటుంబాభివృద్ధి. బిళ్ళ వేసుకున్న కొన్నాళ్ళకు కడుపులో మంట మొదలైంది. దానికి బాబాయ్ ఇంకో బిళ్ళ చెప్పాడు. మోకాలు నొప్పికి బెంచీ మీది మరొకాయన నొప్పి బిళ్ళ చెప్పాడు. అది కడుపుమంటను పెంచింది. మంట బిళ్ళ రెండు పూటలకు పెరిగింది. ఒంటరిగా వచ్చిన చిన్న బిళ్ళ ఏడాది తిరిగేసరికి నిండు సంసారమైంది.

"ఒక్కసారి డాక్టరుకి చూపించుకోవచ్చు కదండీ?" అంది నా భార్య.

"ఈ మాత్రానికా?" అన్నాను.

ఇంత సుఖంగా సాగిపోతున్న జీవితంలో ఒక పన్ను కదిలింది. పన్ను పీకడం ఇంకా బెంచీ మీద మొదలెట్టలేదు గనక తప్పనిసరై పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నా భార్య తోడొచ్చింది. డాక్టరమ్మ కాగితం ముందు పెట్టుకుని వరసగా ప్రశ్నలడిగింది. షుగరుందా, బీపీ ఉందా అన్నాక, "మందేమైనా తీసుకుంటారా అండీ?" అంది.

నాకు పౌరుషం వచ్చింది. పక్కన భార్యను పెట్టుకుని అడగాల్సిన ప్రశ్నేనా అది?

"ఈ జన్మలో ముట్టలేదమ్మా. మా బావమరిది పెళ్ళిలో బలవంతపెట్టినా కూల్‌డ్రింకే తాగాను."

"ఆ ఒక్క విషయంలో ఈయన బంగారమమ్మా," అని నా భార్య సాక్ష్యం చెప్పింది.

డాక్టరమ్మ నవ్వింది. "ఆ మందు కాదండీ. రోజూ వేసుకునే మందులు."

"అవీ లేవమ్మా," అన్నాను నిజాయితీగా. మీరు నన్ను తప్పుపట్టకూడదు. మా ఇంట్లో మందంటే డాక్టరు రాసేది. మనంతట మనం వేసుకునేది బిళ్ళ. పైగా ఆ బిళ్ళల డబ్బా దేవుడి గదిలో ఉంటుంది, మందుల అలమరలో కాదు. మందులు అన్న గడిలో ఆమె 'లేవు' అని రాసుకుని, పన్ను పీకింది.

పన్ను క్షణంలో వచ్చింది. దాని వెనకే రక్తం వచ్చింది. వచ్చింది, వస్తూనే ఉంది! అరగంట గాజుగుడ్డ కొరికాను. గుడ్డ మార్చి ఇంకో అరగంట కొరికాను. బయట కూర్చున్న పేషెంట్లు ఒక్కొక్కరే తమ పంటి నొప్పి తగ్గిపోయిందని చెప్పి లేచి వెళ్ళిపోయారు. డాక్టరమ్మ నా మోచేతి మీద మచ్చను అప్పుడు చూసింది.

"నిజం చెప్పండి. రక్తం పల్చబడే మందేమైనా వాడుతున్నారా?"

"మందు కాదమ్మా," అన్నాను గాజుగుడ్డ మధ్య నుంచి. "బిళ్ళ."

ఆమె కుట్లు వేసింది. ఆ కుట్లలో కొన్ని కోపంతో వేసినవని నా అనుమానం. వెంటనే పెద్ద డాక్టరుకి చూపించుకోమని చీటీ రాసిచ్చింది. చీటీ జేబులో పెట్టుకున్నాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, నాకు కనీసం నాలుక మిగిలింది. ఆ రోజు నుంచి నా అంతట నేనే బిళ్ళ మానేశాను.

అంతటితో ఊరుకుంటే నేను కాలమిస్టును ఎందుకవుతాను? పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. నాలుగో రోజు ఉబ్బిన బుగ్గతో బెంచీ ఎక్కి ఉపన్యాసం ఇచ్చాను. యాస్పిరిన్ విషమన్నాను. నా బుగ్గే సాక్ష్యమన్నాను. అందరూ ఇవాళే డబ్బాలు పారెయ్యాలన్నాను.

"నేను కూడా మానెయ్యమంటావా?" అన్నాడు బాబాయ్. "నాకు డాక్టరు రాశాడురా మరి."

ఆ మాట వినబడగానే నా నోరు మూతపడాల్సింది. కుట్లు కూడా ఉన్నాయి కదా. కానీ ఉపన్యాసం మధ్యలో ఉన్నవాడికి బ్రేకులుండవు.

"అడిగితే వాళ్ళు మానొద్దనే అంటారు బాబాయ్. ఈ మాత్రానికి డాక్టరెందుకు?"

బాబాయ్ నా కేసి గర్వంగా చూశాడు. తన మాట తనకే తిరిగొచ్చినందుకు. ఆ మర్నాటి నుంచి మానేశాడు.

పదకొండో రోజు పొద్దున అదే బెంచీ మీద, కార్బొరేటరు గురించి ఏదో చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. ఎడమచెయ్యి పట్టుకున్నాడు. చొక్కా తడిసిపోయింది. "లైను పట్టేసిందిరా," అన్నాడు, నవ్వబోయి. ఆటోలో ఆయన తల నా భుజం మీద ఉంది. నేను సైకిలు తొక్కుతుంటే సీటు వెనక పట్టుకుని వీధి వీధంతా పరిగెత్తిన మనిషి. వదిలెయ్యను, తొక్కరా అని అరిచిన మనిషి. ఈ కాలమ్‌లో నవ్వించడమే నా పని, కానీ ఆ దారిలో నాకు ఒక్క శ్లేషా తట్టలేదు. దారి పొడుగునా భయమే.

బతికాడు. స్టెంటులో గడ్డ కట్టిన రక్తాన్ని సమయానికి తీసేశారు. ఆ సాయంత్రం గుండె డాక్టరు మంచం పక్కన నిలబడి, "రోజూ వేసుకోమన్న మాత్ర ఎందుకు మానేశారు?" అని అడిగాడు.

బాబాయ్ మెల్లగా వేలెత్తి నన్ను చూపించాడు. "మావాడు చెప్పాడండి. చదువుకున్నోడు. పేపర్లో రాస్తాడు."

డాక్టరు నా వైపు తిరిగాడు. "మీరు డాక్టరా?"

"కాలమిస్టునండి."

నా జేబులో పళ్ళ డాక్టరమ్మ చీటీ ఇంకా ఉంది. ఇచ్చాను. చదివి, నా మచ్చలు చూసి, కడుపుమంట సంగతీ మోకాలి బిళ్ళ సంగతీ అడిగి తెలుసుకున్నాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"ఆయన గుండెలో స్టెంటు ఉంది. ఆయనకు ఈ మాత్ర కాపలా. మీ గుండెకు ఇంతవరకూ జబ్బేమీ రాలేదు, మీ కడుపు మాత్రం ఇప్పటికే ఏడుస్తోంది. మీకిది మేలు కన్నా కీడు చేస్తుంది. ఎవరికి ఏదో పరీక్ష చేసి మేం చెప్పాలి. వేసుకోవడానికి మీరు అడగలేదు. మానడానికి ఆయన అడగలేదు. ఈ మాత్ర ఆయనకు మాత్రమేనండీ."

ముప్ఫై ఏళ్ళుగా పేపర్లో శ్లేషలు రాస్తున్నవాణ్ణి. మాత్రలోనే 'మాత్రమే' ఉందని ఒక డాక్టరు చెబితే గానీ నాకు తెలియలేదు. ఆయన కార్డియాలజిస్టు, నేను కాలమిస్టు. ఆయన అడిగి చెబుతాడు, నేను అడక్కుండా చెబుతాను. ఈ వారం దండగమారి వృత్తి ఏదో నిరూపిస్తానన్నాను కదా, నిరూపించాననే అనుకుంటున్నాను. పల్చబడాల్సింది నా రక్తం కాదు, మా బెంచీ.

నాలుగో రోజు బాబాయ్ దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. నర్సమ్మ చిన్న గిన్నెలో బిళ్ళలు తెచ్చింది. అందులోంచి ఆ చిన్నదాన్ని ఏరి రెండు వేళ్ళతో పట్టుకుని, బాబాయ్ నా కేసి కొంటెగా చూశాడు.

"ఏరా, వేసుకోమంటావా, మానమంటావా?"

అలవాటు కొద్దీ నోరు తెరిచాను. పక్కనున్న నా భార్య మడమతో నా కాలు గట్టిగా తొక్కింది.

"డాక్టర్ని అడుగు బాబాయ్," అన్నాను.

"అడిగే తెచ్చానండీ," అంది నర్సమ్మ. బాబాయ్ నీళ్ళు తాగి మింగాడు.

మర్నాడు కాలు చూసుకున్నాను. ఆవిడ అంత గట్టిగా తొక్కినా మచ్చ పడలేదు.